కొనేవారికి సులువుగా ఉండే వ్యాపార వెబ్‌సైట్: చేనేత చీరల దుకాణం ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

వెబ్‌సైట్ చేయించుకోవాలనుకునే వ్యాపారులు మొదట మాట్లాడేది రంగుల గురించి, లోగో గురించి, మొదటి పేజీలో కదిలే బొమ్మల గురించి. కొనడానికి వచ్చిన మనిషి దృష్టి వాటి మీద ఉండదు. ‘నాకు కావలసింది ఇక్కడ ఉందా? ధర ఎంత? ఎప్పటికి చేరుతుంది? నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా?’ అన్న ప్రశ్నలతో వస్తారు. ఈ నాలుగింటికీ ఎవరినీ అడగకుండా జవాబు దొరికితే అది మంచి వెబ్‌సైట్. దొరకకపోతే ఎంత ఖర్చుపెట్టి ఎంత అందంగా చేయించినా వ్యాపారానికి అక్కరకు రాదు. కింద చెప్పిన ప్రతి పనికీ ఆధారం ఇదే.

మాటలు గాలిలో పోకుండా ఒక ఉదాహరణ పట్టుకుందాం. గుంటూరు జిల్లా మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక మధ్యరకం దుకాణం ఉందనుకోండి. ఊరివాళ్లు, గుంటూరు, విజయవాడవాళ్లు నేరుగా వస్తారు. హైదరాబాద్, బెంగళూరు నుంచి ఫోన్లు వస్తాయి. అమెరికాలో స్థిరపడిన బంధువులు పండగల ముందు వాట్సాప్‌లో ఫొటోలు అడుగుతారు. ఇప్పుడు ఆ దుకాణానికి వెబ్‌సైట్ కావాలి. మీది పచ్చళ్ల వ్యాపారమైనా, ట్రాక్టర్ విడిభాగాల దుకాణమైనా, రక్తపరీక్షల కేంద్రమైనా పద్ధతి మారదు, ప్రశ్నలు మాత్రమే మారతాయి.

1. ముందు ప్రశ్నలు పోగుచేయండి

డిజైనర్‌తో మాట్లాడకముందే చేయాల్సిన పని ఇది. రెండు వారాల పాటు వచ్చిన ప్రతి ఫోనులో, ప్రతి వాట్సాప్ సందేశంలో అడిగిన ప్రశ్నను ఒక నోటు పుస్తకంలో రాయించండి. రోజూ ఫోను ఎత్తే మనిషి చేతనే రాయించాలి. యజమాని గుర్తుకు తెచ్చుకుని రాస్తే తనకు ముఖ్యమనిపించినవే రాస్తారు. ప్రశ్నను మన మాటల్లోకి మార్చకుండా అడిగినవారి మాటల్లోనే ఉంచాలి.

చీరల దుకాణంలో ఆ పుస్తకం ఇలా నిండుతుంది: ఇది నూలా, పట్టా, రెండూ కలిసిందా? నిజంగా మగ్గం మీద నేసిందేనా, పవర్‌లూమా? జాకెట్టు ముక్క వస్తుందా? అంచు ఎంత వెడల్పు? ఫొటోలో ఉన్న రంగే వస్తుందా? ఉతికితే రంగు దిగుతుందా? ఫాల్, పీకో కుట్టించి పంపుతారా? శుక్రవారం పెళ్లి ఉంది, అప్పటికి అందుతుందా? ఆదివారం షాపు తెరిచి ఉంటుందా? పది చీరలు తీసుకుంటే ధర తగ్గుతుందా?

వీటిని నాలుగు కట్టలుగా విడదీయండి: చీర ఎంచుకునే ముందు అడిగేవి, ఒక చీర చూస్తూ అడిగేవి, డబ్బు కట్టేటప్పుడు అడిగేవి, కొన్నాక అడిగేవి. మొదటి కట్ట మీ మెనూ అవుతుంది. రెండోది ప్రతి చీర పేజీ. మూడోది ఆర్డరు ఫారం. నాలుగోది డెలివరీ, వాపసు సమాచారం. వెబ్‌సైట్ నమూనా సగం ఇక్కడే తయారైపోతుంది. ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో కూడా గుర్తుపెట్టండి. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నకు పేజీలో పైన చోటు, అరుదుగా వచ్చినదానికి కింద చోటు.

2. డొమైన్, హోస్టింగ్, వేదిక

డొమైన్ అంటే మీ సైట్ చిరునామా, హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఉంచే చోటు, వేదిక అంటే సైట్‌ను కట్టి నడిపే సాఫ్ట్‌వేర్. వీటి మీద ఎక్కువ రోజులు తర్జనభర్జన అక్కరలేదు. ఫోనులో ఒకసారి చెబితే అవతలివారు తప్పు లేకుండా రాసుకోగలిగే పేరు తీసుకోండి. చివర డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా ఇబ్బంది లేదు. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ కూడా దొరుకుతుంది. కావాలంటే దాన్ని అదనంగా పెట్టుకోండి, అదొక్కటే పెట్టుకోకండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ ఫోను నంబరుతో నమోదు కావాలి. సైట్ చేసిపెట్టేవారు తమ ఖాతాలో కొని ఇస్తామంటే ఒప్పుకోకండి. రేపు వారితో తెగతెంపులైతే మీ వ్యాపారం పేరు వారి చేతిలో ఉండిపోతుంది. హోస్టింగ్, సైట్ నిర్వహణ పాస్‌వర్డులు కూడా మీ దగ్గరే ఉండాలి.

వేదిక విషయానికొస్తే, సరుకు కొద్దిగానే ఉండి అమ్మకం ఫోను మీదే జరుగుతుంటే ఫొటోలు, ధరలు, వాట్సాప్ బటన్ ఉన్న సాదా కేటలాగు చాలు. సైట్‌లోనే డబ్బు తీసుకోవాలంటే వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద దుకాణం నడిపే వూకామర్స్, లేదా నెలసరి రుసుము కట్టే షాపిఫై వంటివి ఉన్నాయి. మొదటిదాంట్లో ఖర్చు తక్కువ, నిర్వహణ భారం మీది. రెండోదాంట్లో ఖర్చు ఎక్కువ, తలనొప్పి తక్కువ. ఏది తీసుకున్నా చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండాలి, అంటే కొనేవారి వివరాలు దారిలో ఇతరులు చదవకుండా కాపాడే ఏర్పాటు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థలు ఆ భద్రతా సర్టిఫికెట్‌ను ఉచితంగానే ఇస్తాయి, కాబట్టి దానికి ఎవరైనా పెద్ద మొత్తం అడిగితే ఎందుకో అడగండి.

3. సరుకును కొనేవారి లెక్కలో సర్దండి

దుకాణంలో చీరలను బీరువాల వారీగా, నేతగాళ్ల వారీగా, స్టాకు నంబర్ల వారీగా పెట్టుకుంటాం. అవి మన సౌకర్యానికి. కొనేవారు చూసేది నూలా పట్టా అని, ఎంతలో అని, ఏ రంగు అని, ఏ సందర్భానికి అని. మెనూ ఆ లెక్కలోనే ఉండాలి.

దీన్ని తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. ఓ ముప్పై చీరల ఫొటోలు ప్రింటు తీసి, దుకాణానికి వచ్చినవారిలో నలుగురైదుగురికి వేర్వేరుగా ఇచ్చి ‘వీటిని మీకు తోచినట్టు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు పేరు పెట్టండి’ అని అడగండి. వారు పెట్టిన పేర్లలో ఎక్కువమందికి కలిసినవే మీ విభాగాల పేర్లు. ‘ఆఫీసుకు కట్టుకునేవి’, ‘పెట్టుబడి చీరలు’ వంటి పేర్లు అలాగే బయటపడతాయి. ఏ డిజైనరూ కూర్చుని ఊహించలేని పేర్లవి.

మెనూలో అయిదారు పేర్లు మించనివ్వకండి. ఏదైనా మూడు క్లిక్కుల్లో దొరకాలని ఒక నియమం ప్రచారంలో ఉంది, దాన్ని పట్టుకుని వేలాడనక్కరలేదు. ప్రతి అడుగులో తాము సరైన దారిలోనే ఉన్నామని తెలుస్తుంటే అయిదో అడుగు కూడా ఎవరికీ భారం కాదు. దారి తప్పామనిపిస్తే రెండో అడుగులోనే వెళ్లిపోతారు.

4. మొదటి పేజీలో, ఫోను తెర మీద మొదట కనబడేది

మీరు కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్ ఆమోదిస్తారు, మీ కొనుగోలుదారులు దాన్ని ఫోనులో చూస్తారు. అందుకే ఏ నమూనానైనా ముందు ఫోనులోనే చూపించమనండి. వేలు కదపకముందే కనిపించే ఆ కొద్ది చోటులో నాలుగు విషయాలు ఉండాలి: ఏమి అమ్ముతారు, ఎక్కడివారు, ధరలు సుమారుగా ఎంత నుంచి, తర్వాత ఏం చేయాలి.

ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి.

‘సంప్రదాయ సౌందర్యానికి, నాణ్యతకు చిరునామా. మా ప్రయాణంలో మీరూ భాగం కండి.’

‘మంగళగిరి చేనేత చీరలు, మగ్గం నుంచి నేరుగా. నూలు చీరలు రూ. 1,200 నుంచి. ఆర్డరు ఇచ్చిన మర్నాడే కొరియర్.’

మొదటిదాన్ని నగల దుకాణానికి పెట్టినా, ఫర్నిచర్ షోరూముకు పెట్టినా సరిపోతుంది. అంటే అది మీ గురించి ఏమీ చెప్పలేదన్నమాట. రెండోది చదివినవారికి ఉండాలో వెళ్లాలో వెంటనే తెలుస్తుంది. వెళ్లిపోయేవారిని వెళ్లనివ్వండి, ఉన్నవారు నిజంగా కొనేవారు.

తమంతట తాము జరిగిపోయే బ్యానర్లు వద్దు. చదువుతుండగానే మారిపోతాయి, రెండో బ్యానర్ తర్వాత ఉన్నవి దాదాపు ఎవరూ చూడరు, పైగా పేజీ బరువెక్కుతుంది. పేజీ తెరవగానే తెరంతా కమ్మేసి ఫోను నంబరు అడిగే పెట్టె కూడా అంతే. అలాంటి పెట్టెలున్న ఫోను పేజీలకు వెదుకులాటలో స్థానం తగ్గవచ్చన్న నియమాన్ని గూగుల్ 2017 జనవరి నుంచే అమలు చేస్తోంది. ఇక దానంతట అదే మొదలయ్యే సన్నాయి సంగీతం, బస్సులో కూర్చుని చూస్తున్నవారిని ఒక్క క్షణంలో సైట్ మూసేసేలా చేస్తుంది.

5. ఒక్కో చీర పేజీ: అమ్మకం జరిగేది ఇక్కడే

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ పేజీ మీద. గూగుల్‌లో వెదికి వచ్చేవారు, వాట్సాప్‌లో స్నేహితురాలు పంపిన లింకు నొక్కి వచ్చేవారు మొదటి పేజీ చూడనే చూడరు, నేరుగా ఇక్కడికే వస్తారు. కాబట్టి మీరెవరో, ఎక్కడివారో ఈ పేజీ ఒక్కటి చూసినా తెలియాలి.

ఫొటోలతో మొదలుపెడదాం. దుకాణంలో అమ్మేవారు ఏం చేస్తారో గమనించండి. చీర మడత విప్పుతారు, అంచు చేతికిస్తారు, కొంగు పరుస్తారు, జాకెట్టు ముక్క చూపిస్తారు, తిరగేసి లోపలివైపు చూపిస్తారు, చివరికి భుజం మీద వేసి అద్దంలో చూడమంటారు. ఫొటోలూ అదే క్రమంలో ఉండాలి. అంచును దగ్గరగా, నేత పోగులు కనిపించేంతగా తీయండి. చేనేతను చూసి గుర్తుపట్టగలిగేవారు ఆ ఫొటోతోనే నమ్ముతారు.

రంగు దగ్గర జాగ్రత్త. చాలా వాపసులకు, చాలా మనస్పర్థలకు మూలం ఇదే. ఎండ నేరుగా పడని చోట, కిటికీ పక్కన, ఉదయపు వెలుతురులో తీయండి. ట్యూబులైటు, పసుపు బల్బు కలిసిన చోట తీయకండి. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తే, ఫొటోలో ఆ కాగితం తెల్లగా ఉందో లేదో చూసి రంగు సరిచేసుకోవచ్చు. ఫిల్టర్లు వాడకండి. నెమలికంఠం వంటి రంగులు మరీ కష్టం. పడుగు (నిలువు పోగు) ఒక రంగు, పేక (అడ్డ పోగు) ఇంకో రంగు కావడంతో చీరను వంచిన తీరును బట్టి నీలంగానూ పచ్చగానూ కనిపిస్తుంది. అలాంటి చీరకు పది సెకన్ల వీడియో తీసి, రెండు రంగుల పోగులు కలిపి నేసినదని ఒక వాక్యంలో చెప్పండి. ‘రంగులో స్వల్ప తేడా ఉండవచ్చు’ అని అన్ని చీరల కిందా ఒకే హెచ్చరిక అతికించడం కంటే ఇది ఎంతో మేలు.

తర్వాత వివరాలు. మీ పుస్తకంలోని రెండో కట్ట ప్రశ్నలన్నిటికీ ఇక్కడ జవాబు ఉండాలి. నమూనాకు ఒకటి:

చిలకపచ్చ మంగళగిరి నూలు చీర, బంగారు జరీ అంచు
ధర: రూ. 1,850. పన్ను, కొరియర్ ఖర్చు కలిపి.
పొడవు: 5.5 మీటర్లు. జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, అదే రంగు.
అంచు: రెండు వైపులా 2 అంగుళాలు.
నేత: గుంట మగ్గం మీద, 80 కౌంట్ నూలుతో. పలుచగా, మెత్తగా ఉంటుంది, వేసవిలో కట్టుకోవచ్చు.
ఉతకడం: మొదటి రెండుసార్లు విడిగా, చల్లటి నీళ్లలో.
ఫాల్, పీకో: రూ. 150 అదనం, రెండు రోజులు ఎక్కువ పడుతుంది.
చేరేది: ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు 2 నుంచి 4 రోజులు.

80 కౌంట్ అన్న వెంటనే ‘పలుచగా, మెత్తగా’ అని ఉంది చూశారా? కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుందని నేతవారికి చెప్పనక్కరలేదు. కొనేవారికి అది ఒంటి మీద ఎలా ఉంటుందో కావాలి. పంపుసెట్లు అమ్మేవారైతే హార్స్‌పవర్ పక్కనే ఎంత లోతు బోరుకు సరిపోతుందో రాయాలి. ఏ వ్యాపారంలోనైనా సాంకేతిక వివరం పక్కనే దాని ఫలితం ఉండాలి.

మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందన్న చట్టబద్ధ గుర్తింపు) ఉంది. చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్క్, అసలు పట్టుకు సిల్క్ మార్క్ ఉన్నాయి. మీ సరుకుకు అవి నిజంగా ఉంటేనే వాటి బొమ్మలు పెట్టండి, ఉన్నచోట ఆ లేబులు ఫొటో తీసి చూపించండి.

‘ధర కోసం సంప్రదించండి’ అని మాత్రం రాయకండి. పోటీదారులు చూస్తారన్న భయంతో చాలామంది ధర దాస్తారు. పోటీదారుకు మీ ధర తెలుసుకోవడానికి ఒక ఫోను కాల్ చాలు. ధర కనబడక వెళ్లిపోయే కొనుగోలుదారు మాత్రం మళ్లీ రారు.

6. తెలుగును తెలుగులా చూపించండి

సైట్ రెండు భాషల్లో ఉండటం మంచిది. భాష మార్చే బటన్ పేజీ పైన, వెదక్కుండా కనిపించేలా ఉండాలి. దాని మీద భాష పేరు ఆ భాష లిపిలోనే రాయాలి. తెలుగు చదవగలిగి ఇంగ్లిష్ రానివారు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న బటన్‌ను గుర్తుపట్టలేరు కదా. పేజీ కోడ్‌లో అది తెలుగు పేజీ అని ప్రకటించమని చెప్పండి. చూపులేనివారికి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని బట్టే తెలుగు గొంతు ఎంచుకుంటుంది.

మీ దగ్గర డీటీపీ కేంద్రంలో చేయించిన కరపత్రాలు, బ్రోచర్లు ఉంటాయి. వాటిలో తెలుగు చాలావరకు అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసి ఉంటుంది. దాన్ని నేరుగా తెచ్చి పేజీలో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. అప్పుడు చాలామంది చేసే పని ఆ తెలుగును బొమ్మగా మార్చి పెట్టడం. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ గూగుల్ వెదుకులాటలో ఆ అక్షరాలు సరిగా పట్టుబడవు, ఫోనులో పెద్దవి చేస్తే మసకబారతాయి, ఎవరూ కాపీ చేసుకోలేరు. అందుకే యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా చదవగలిగే అక్షర పద్ధతిలోకి, మార్పించండి. మార్చిపెట్టే సాధనాలు ఉన్నాయి. అయితే మార్పిడిలో వత్తులు, సున్నలు అక్కడక్కడ ఎగిరిపోతాయి కాబట్టి ఒకరు కూర్చుని ఆసాంతం చదివి దిద్దాలి.

ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే వచ్చే చిక్కులు కొన్ని ముందే తెలిసి ఉండాలి. మొదటిది వరుసల మధ్య ఎడం. తెలుగుకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. ‘రాష్ట్రం’ అన్న మాట కింద ‘కీర్తి’ అన్న మాట వస్తే, ఇరుకు వరుసల్లో పై మాట వత్తు కింది మాట గుడికి తగులుతుంది. ఎడం అక్షరం పరిమాణానికి 1.6 నుంచి 1.8 రెట్లు ఉంచమనండి. అక్షరం పరిమాణం కూడా పక్కనున్న ఇంగ్లిష్ కంటే ఒక మెట్టు పెద్దదిగా ఉంటేనే వత్తులు తెలుస్తాయి. శీర్షికల్లో అక్షరాల మధ్య అదనపు ఖాళీ పెట్టే అమరిక తీసేయించండి, తెలుగు మాట ముక్కలైనట్టు కనిపిస్తుంది. వాలు అక్షరాలు తెలుగుకు నప్పవు, ఒత్తి చెప్పాలంటే ముద్దక్షరం (బోల్డ్) చాలు. తెలుగు మాటలు పొడవైనవి కావడంతో వెడల్పు ముందే బిగించిన బటన్లలో పట్టక విరిగిపోతాయి. ‘బుట్టలో వేయండి’ అన్న మాట పూర్తిగా కనిపిస్తోందో లేదో చిన్న ఫోనులో చూడండి.

ఫాంట్ల విషయంలో ఇప్పుడు లోటు లేదు. నోటో సాన్స్ తెలుగు, మండలి, ఎన్టీఆర్, రామభద్ర వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర నిండుగా ఉంటుంది, పాఠానికి పనికిరాదు. పాఠానికి నోటో నా ఎంపిక. అందులో సన్నం నుంచి ముద్ద వరకు అన్ని మందాలూ ఉన్నాయి. మండలికి ఒకటే మందం. దాన్ని ముద్ద చేయమంటే బ్రౌజర్ కృత్రిమంగా పూసేస్తుంది, వత్తులు అలుక్కుపోతాయి.

వెదికేవారు మూడు రకాలుగా రాస్తారు: తెలుగు లిపిలో, ఇంగ్లిష్‌లో, తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో. సైట్‌లోని వెదుకు పెట్టె మూడింటినీ అర్థం చేసుకోవాలి. అక్కడ తప్పు వర్ణక్రమంతో వెదికినా ఖాళీ పేజీ చూపకుండా దగ్గరి సరుకు చూపించాలి.

7. వేగం

గూగుల్ మూడు కొలతలు పెట్టుకుంది. పేజీలో అన్నిటికంటే పెద్ద భాగం, అంటే ఇక్కడ చీర ఫొటో, 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కిన దానికి 200 మిల్లీసెకన్లలోపు పేజీ స్పందించాలి. తెరుచుకుంటున్నప్పుడు పేజీలోని భాగాలు అటూ ఇటూ జరగడం 0.1 సూచీ దాటకూడదు. ఈ మూడోది చిన్న విషయంలా ఉంటుంది కానీ చాలా విసిగిస్తుంది. ధర చూద్దామని వేలు పెట్టేలోపు పైన ఫొటో వచ్చి అంతా కిందికి జరిగి, వేలు ఇంకెక్కడో పడుతుంది. ప్రతి ఫొటోకూ ఎత్తు, వెడల్పు ముందే కోడ్‌లో రాస్తే బ్రౌజర్ ఆ చోటు వదిలి ఉంచుతుంది.

చీరల సైట్‌లో బరువంతా ఫొటోలదే. ఫోనులో తీసిన ఫొటో ఒక్కోటి 3, 4 ఎంబీలు ఉంటుంది. దాన్ని 1,200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి వెబ్‌పి అనే తక్కువ బరువు ఫొటో రూపంలో భద్రపరిస్తే 200 కేబీల లోపుకు వస్తుంది, కంటికి తేడా తెలియదు. తెర కిందున్న ఫొటోలు అక్కడికి వెళ్లినప్పుడే దిగేలా పెట్టండి, మొదటి ఫొటోకు మాత్రం ఆ అమరిక వద్దు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత సాధనంలో మీ పేజీ చిరునామా ఇస్తే ఎక్కడ ఆలస్యమవుతోందో చెబుతుంది. మొదటి పేజీని మాత్రమే కాదు, చీర పేజీని కూడా పరీక్షించండి.

8. కళ్లకు, వేళ్లకు ఇబ్బంది లేకుండా

చీరల దుకాణాలకు బంగారు రంగు మీద మోజు సహజమే. తెల్లటి పేజీ మీద బంగారు రంగు అక్షరాలు మాత్రం అరవై దాటినవారికి కనిపించవు. అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీ ప్రకారం మామూలు పాఠానికీ దాని వెనక రంగుకూ మధ్య తేడా నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి. మామూలుగా వాడే బంగారు రంగు తెలుపు మీద సుమారు 2:1 దగ్గరే ఆగిపోతుంది. బంగారాన్ని గీతలకు, అలంకారానికి వాడండి, అక్షరాలను నల్లగానో ముదురు మెరూన్‌లోనో ఉంచండి.

బటన్లు బొటనవేలికి అందేంత ఉండాలి. ఎత్తు, వెడల్పులకు ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ 48 డీపీలు సూచిస్తాయి, ఇవి డిజైనర్లు వాడే తెర కొలతలు. పక్కపక్కనే ఉన్న బటన్ల మధ్య ఖాళీ ఉంచండి. ప్రతి ఫొటోకూ వెనక ఒక వర్ణన రాయించండి. ‘చీర 14’ అని కాకుండా ‘చిలకపచ్చ నూలు చీర, రెండు అంగుళాల బంగారు జరీ అంచు’ అని రాస్తే చూపులేనివారికి వినబడుతుంది, వెదుకులాటకూ పనికొస్తుంది. అందుబాటులో ఉన్న రంగులను ఉత్త రంగు చుక్కలతో చూపకుండా పక్కన పేర్లు కూడా రాయండి.

9. ఆర్డరు ఫారం, చెల్లింపు

కొనాలని నిర్ణయించుకున్న మనిషిని ఇక్కడ పోగొట్టుకోవడం అన్నిటికంటే పెద్ద నష్టం. ఖాతా తెరిస్తేనే కొననిస్తామనకండి. పేరు, ఫోను, చిరునామా తీసుకుంటే చాలు.

పేరుకు ఒకటే పెట్టె పెట్టండి: పూర్తి పేరు. మొదటి పేరు, చివరి పేరు అని విడదీస్తే ఇంటిపేరు ముందు రాసుకునే మనవారికి ఏది ఎక్కడ రాయాలో తెలియదు. ఇంటిపేరు పొడి అక్షరంగా రాసేవారిని ‘కనీసం రెండు అక్షరాలు ఉండాలి’ అని ఫారం తిప్పి పంపుతుంది. చిరునామాలో దగ్గరి గుర్తుకు ఒక పెట్టె తప్పనిసరి. ‘రామాలయం ఎదురు సందు’ లేకుండా పల్లెల్లో కొరియర్ చేరదు. ముందు పిన్‌కోడ్ అడిగి ఊరు, జిల్లా, రాష్ట్రం దానంతట అదే నిండేలా చేస్తే టైపు చేసే పని తగ్గుతుంది. జిల్లాల జాబితా పెట్టేట్టయితే సరిచూసుకోండి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పెద్ద ఎత్తున కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. సైట్‌కు జోడించే పాత ప్లగిన్లలో (అదనపు సాఫ్ట్‌వేర్ ముక్కల్లో) ఇంకా పాత జాబితాలే ఉంటాయి.

ఫోను నంబరు పెట్టె నొక్కగానే అంకెల కీబోర్డు రావాలి. ముందు సున్నా పెట్టినా, 91 పెట్టినా, మధ్యలో ఖాళీ వదిలినా తీసుకోవాలి. తప్పు ఉంటే ‘చెల్లని నమోదు’ అని ఎర్రగా చూపకుండా ‘పిన్‌కోడ్‌లో 6 అంకెలు ఉండాలి, 5 మాత్రమే ఉన్నాయి’ అని ఆ పెట్టె కిందే చెప్పండి. నింపిన మిగతా వివరాలు చెరిగిపోకూడదు.

చెల్లింపులో యూపీఐ ముందుండాలి. ఒక పొరపాటు చాలా సైట్లలో కనిపిస్తుంది: ఫోనులో కొంటున్నవారికి క్యూఆర్ కోడ్ చూపించడం. తమ చేతిలోని ఫోనుతో అదే ఫోను తెర మీది కోడ్‌ను ఎలా స్కాన్ చేస్తారు? ఫోనులో అయితే యూపీఐ యాప్ నేరుగా తెరుచుకునే బటన్, కంప్యూటర్‌లో అయితే క్యూఆర్ కోడ్ ఇవ్వాలి. డబ్బు కట్టాక ఆర్డరు నంబరు తెర మీద, సందేశంలో, వాట్సాప్‌లో వెంటనే కనిపించాలి. డబ్బు పోయి ఆర్డరు రాలేదన్న భయం ఒక్కసారి కలిగితే ఆ మనిషి మళ్లీ మీ సైట్‌లో కొనరు.

విదేశాల్లోని తెలుగువారికి వేరే దారి ఉండాలి. భారతీయ నంబరుకే ఓటీపీ పంపే ఫారంలో వారు మొదటి అడుగే వేయలేరు. అక్కడి కార్డులు తీసుకునే చెల్లింపు, జిప్ కోడ్ పట్టే చిరునామా పెట్టె కావాలి. కస్టమ్స్ సుంకం ఎవరు కట్టాలో ధర పక్కనే రాయండి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికా ఇచ్చిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న నిలిచిపోయింది. పార్సిల్ ఇంటి ముందుకు వచ్చాక సుంకం కట్టమంటే కొన్నవారు మిమ్మల్నే నిందిస్తారు.

10. నమ్మకం, చట్టం

వినియోగదారుల రక్షణకు సంబంధించి 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు సొంత సైట్‌లో అమ్మే చిన్న దుకాణానికీ వర్తిస్తాయి. వ్యాపారం అధికారిక పేరు, చిరునామా, ఫోను, ఈమెయిల్, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైట్‌లో స్పష్టంగా ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. కొనుగోలుదారు అనుమతిని ముందే టిక్కు పెట్టిన పెట్టెలతో తీసుకోకూడదు.

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, కొనేవారిని మభ్యపెట్టే డిజైన్ పద్ధతులు 13 గుర్తించి నిషేధించింది. ‘ఇంకా రెండే మిగిలాయి, త్వరపడండి’ అని అబద్ధం చెప్పడం, అడగకుండా బుట్టలో ఇంకో వస్తువు వేయడం, చివరి పేజీలో కొత్త ఖర్చులు కలపడం వాటిలో ఉన్నాయి. చేనేతలో చాలా చీరలు నిజంగానే ఒక్కటే ఉంటాయి. అలాంటప్పుడు ‘ఈ రంగులో ఇదొక్కటే ఉంది’ అని ధైర్యంగా రాయండి. మిగతా చోట్ల రాయకండి.

వాపసు షరతులు మామూలు తెలుగులో, నాలుగు వాక్యాల్లో ఉండాలి: ఎన్ని రోజుల్లో, ఏ స్థితిలో, కొరియర్ ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది. ఫాల్ కుట్టించిన చీర తిరిగి తీసుకోనట్టయితే ఆ మాట ఫాల్ ఎంచుకునే చోటే చెప్పాలి. దుకాణం ముందు ఫొటో, పనివేళలు, గూగుల్ మ్యాప్ లింకు కూడా పెట్టండి. గూగుల్‌లో మీ దుకాణం వివరాలు, సైట్‌లోని వివరాలు ఒకటిగా ఉండాలి.

11. అయిదుగురి చేత వాడించి చూడండి

వెబ్ వాడకంపై దశాబ్దాలుగా పనిచేసిన జాకబ్ నీల్సన్ 2000లోనే చెప్పిన మాట ఇది: అయిదుగురితో పరీక్షిస్తే లోపాల్లో అత్యధికం బయటపడతాయి. ఇంట్లోవారిని, సిబ్బందిని వదిలేయండి, వారికి మీ దుకాణం ముందే తెలుసు. ఒక గృహిణి, ఒక ఉద్యోగిని, అరవై దాటిన ఒకరు, భార్యకు చీర కొనాలనుకునే ఒక మగవారు, తెలుగు మాత్రమే చదవగలిగే ఒకరు అయితే బాగుంటుంది.

వారి సొంత ఫోనులో, మొబైల్ డేటా మీద సైట్ తెరిచి ఒక పని అప్పగించండి. ‘మా సైట్ ఎలా ఉంది?’ అని అడిగితే బాగుందనే అంటారు, మర్యాద కోసం. అలా కాకుండా ‘మీ వదినగారికి రెండు వేల లోపు నూలు చీర కావాలి, ఆమె ఒంగోలులో ఉంటారు, శనివారానికి అందాలి. కొని పంపండి’ అనండి. తర్వాత మాట్లాడకండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్లారు, ఏ మాట దగ్గర కళ్లు చిట్లించారు, అవే రాసుకోండి. చేయి చాచి ఇక్కడ నొక్కండి అని చూపించాలనిపించిన ప్రతి చోటా మీ డిజైన్‌లో లోపం ఉంది. సరిచేసి ఇంకో అయిదుగురికి ఇవ్వండి.

12. తెరిచాక

గూగుల్ సెర్చ్ కన్సోల్ పెట్టుకుంటే ఏ మాటలు వెదికి మీ సైట్‌కు వస్తున్నారో తెలుస్తుంది. సైట్‌లోని వెదుకు పెట్టెలో ఏం టైపు చేస్తున్నారో కూడా చూడండి. ‘చుడీదార్ మెటీరియల్’ అని పదేపదే వెదుకుతుంటే అది డిజైన్ సమస్య కాదు, కొత్త సరుకు తెప్పించాల్సిన సూచన.

అమ్ముడైన చీర పేజీని తీసేయకండి. ఆ లింకు ఎక్కడో వాట్సాప్ గ్రూపులో తిరుగుతూ ఉంటుంది, నొక్కినవారికి ఖాళీ పేజీ వస్తుంది. ‘ఈ చీర అమ్ముడైంది’ అని రాసి, అదే రంగులో, అదే ధరలో ఉన్న నాలుగు చీరలు కింద చూపండి. అలాంటిదే మళ్లీ నేయించే వీలుంటే ఎన్ని వారాలు పడుతుందో చెప్పి నంబరు తీసుకోండి.

ఫోను దగ్గర నోటు పుస్తకం అలాగే ఉంచండి. సైట్ తెరిచాక కూడా ఏదో ఒక ప్రశ్న ఫోనులో మళ్లీ మళ్లీ వస్తుంటే, దానికి జవాబు సైట్‌లో లేదనో, ఉన్నా కనబడటం లేదనో అర్థం. నెలకోసారి పుస్తకం తిరగేసి, ఎక్కువసార్లు వచ్చిన మూడు ప్రశ్నల జవాబులను సంబంధించిన పేజీల్లో పైకి తేండి. అదే రోజు ధరలు, పండగ సెలవులు, కొరియర్ రోజులు సరిచూసి, సైట్ మొత్తానికీ ఒక నకలు తీసి దాచుకోండి. డొమైన్ గడువు తేదీని ఫోను కేలండర్‌లో నెల ముందే గుర్తుచేసేలా పెట్టుకోండి.